కరువు సీమ పిల్లలకు పడవలో ఒక చోటు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాయమని తమ్ముళ్ళు అడిగారు. క్రమశిక్షణ గురించి, లక్ష్యసాధన గురించి, సమయపాలన గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అవన్నీ అవసరమే. కానీ ఈసారి మేము వేరే సంగతి ఎత్తుకుంటున్నాం. చలికాలంలో ఒక రోజు తెల్లవారకముందే లేచి, తెడ్డు పడవ మీద చెరువులోకి వెళ్ళి, నీటిపక్షులను చూసి రావడం డబ్బున్నవాళ్ళ విలాసం కాదు. అది మన చదువులో భాగం. హాస్టల్ పిల్లలకు ఏడాదికి ఒక్కసారైనా అందవలసిన పాఠం. ఇదీ మా అభిప్రాయం.

ఈ మాట వినగానే చాలామంది నవ్వుతారని మాకు తెలుసు. "అనంతపురంలో పడవ షికారా? తాగనీకి నీళ్ళు లేని సీమలో పడవ యాడ తిప్పుతారప్పా?" అంటారు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లా మనది. శనక్కాయ చేను ఎండిపోవడం, బోరు ఎండిపోవడం, నాన్న బెంగళూరుకు కూలికి పోవడం మనలో ప్రతి ఒక్కరి ఇంటి కథ. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటి తరం మేము. ఇరవై మూడేళ్ళ వయసులో పి.జి. చదువుతున్నామంటే అది మన హాస్టల్ పెట్టిన అన్నం, మన సార్లు పెట్టిన భిక్ష. అందుకే కరువు అంటే ఏమిటో మాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ కరువు బిడ్డలుగానే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. నిదానంగా చదివి ఆలోచించమని మనవి.

మన సీమకు పడవ కొత్త కాదు

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. పడవ అంటే గోదావరిదో, కోనసీమదో అనుకుంటాం. సినిమాల్లో అలాగే చూపిస్తారు. కానీ మన సీమకు సొంత పడవ ఉంది. దాని పేరు పుట్టి. గుండ్రంగా, పెద్ద గంపలాగా ఉంటుంది. వెదురు బద్దలతో అల్లి, పైన తోలు కప్పేవారు. ఇప్పుడు ఫైబరువి కూడా వచ్చాయి. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద ఈ పుట్టిలను చూశాడు. అవి గంపల్లాగా గుండ్రంగా ఉంటాయనీ, పదిహేను ఇరవై మందిని మోస్తాయనీ, నీటిమీద గిరగిరా తిరుగుతూ పోతాయనీ రాశాడు. అంటే అయిదు వందల ఏళ్ళ కిందటే మన పడవ పరదేశి పుస్తకానికి ఎక్కింది. మన పాఠ్యపుస్తకానికి మాత్రం ఎక్కలేదు.

పడవ ఉన్నట్టే చెరువూ ఉంది. నదులు సరిగా పారని ఈ పీఠభూమిలో మన పెద్దలు వంకకు అడ్డంగా కట్ట వేసి, తూము పెట్టి, మరవ కట్టి, పడిన ప్రతి చుక్కనూ నిలిపారు. బుక్కరాయసముద్రం, అనంతసాగరం విజయనగర కాలం నాటి చెరువులు. మన జిల్లా పేరే ఆ అనంతసాగరం నుంచి పుట్టిందంటారు. బుక్కపట్నం, శింగనమల, ధర్మవరం చెరువులు కూడా పేరున్నవే. 'సముద్రం', 'సాగరం' అని పేరు పెట్టుకున్నారంటే, నీళ్ళ కోసం ఈ నేల ఎంత తపించిందో అర్థం చేసుకోవచ్చు.

బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే ముసలమ్మ అనే కోడలు గండిలో నిలబడి ప్రాణం ఇచ్చిందని మన అవ్వలు చెప్పే కథ అందరికీ తెలుసు. దాన్నే కట్టమంచి రామలింగారెడ్డి గారు 'ముసలమ్మ మరణం' కావ్యంగా రాశారు. ఆ కథలోని నమ్మకాన్ని మనం ఒప్పుకోవలసిన పని లేదు. ఊరి కష్టానికి ఒక ఆడబిడ్డను బలి ఇవ్వడం ఏ కాలంలోనూ న్యాయం కాదు. కానీ చెరువు కట్టలో మనిషి ప్రాణం ఉందని ఊరు నమ్మిన చోట, ఈరోజు అదే చెరువులో ఇంటి చెత్త, ప్లాస్టిక్ కవర్లు పోస్తున్నామంటే మనం ముందుకు పోయామో వెనక్కి పోయామో ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

తెల్లవారుజామునే ఎందుకు?

హాస్టల్ పిల్లలకు తెల్లవారుజాము కొత్త కాదు. అయిదింటికి స్టడీ అవర్ గంట కొట్టగానే దుప్పటి మడిచి పుస్తకం పట్టుకునే అలవాటు మనది. ఆ అలవాటు చెరువు దగ్గర ఎంత పనికొస్తుందో బుక్కపట్నం చెరువులో పుట్టి ఎక్కినప్పుడు మాకు తెలిసింది. చిత్రావతి నీళ్ళ మీద ఆధారపడిన పెద్ద చెరువు అది. వలలు తీయడానికి పోతున్న ఒక బెస్త పెద్దాయనను బతిమాలితే, "రాండప్పా, అయితే లేసి నిలబడగూడదు, అరవగూడదు" అని రెండే షరతులు పెట్టి ఎక్కించుకున్నాడు. పర్యాటక శాఖ వాళ్ళు రాసే బోర్డులో పది నియమాలు ఉండొచ్చు గానీ, వాటి సారం ఈ రెండు ముక్కల్లోనే ఉంది.

పొద్దున పూట గాలి తక్కువ. అందుకే నీళ్ళు అద్దంలా నిలిచి ఉంటాయి, పడవ ఊగదు. రాత్రంతా ఆకలితో ఉన్న పక్షులు మేతకు దిగేది ఆ వేళకే. ఎండ ఎక్కి నేల కాలిన తర్వాత వేడిగాలి పైకి లేస్తుంది. కొంగలు, గూడబాతులు వంటి బరువైన పక్షులు ఆ గాలిని ఆసరా చేసుకుని రెక్క ఆడించకుండానే గిరికీలు కొడుతూ ఎత్తుకు పోతాయి. తొమ్మిది దాటిన తర్వాత వచ్చినవాళ్ళకు ఆకాశంలో చుక్కల్లాగా కనిపిస్తాయి తప్ప దగ్గరగా దొరకవు. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుందని ఏడో తరగతిలో బట్టీ పట్టిన వాక్యానికి అర్థం అక్కడ కళ్ళ ముందు కనబడుతుంది.

ఆ గంటన్నరలో చూసింది చెప్పాలంటే పెద్ద జాబితా అవుతుంది. నుదుట తెల్లని బొల్లితో గుంపులు గుంపులుగా తేలే బొల్లికోళ్ళు, మునిగి ఎక్కడో దూరాన తేలే నీటికాకులు, ఒడ్డు కంపచెట్టు మీద కదలకుండా కూర్చుని బాణంలా నీళ్ళలో పడే లకుముకిపిట్ట. నీటికాకి రెక్కలు రెండూ చాపి ఎండలో నిలబడి ఉంటే, బట్టలు ఆరేసుకుంటున్నట్టు ఉంటుంది. దానికి కారణం ఉంది. బాతు రెక్క తడవదు, నీటికాకి రెక్క తడుస్తుంది. తడిస్తేనే లోతుకు మునగడం సులువు. మునిగిన తర్వాత ఆరబెట్టుకోక తప్పదు. ఒక్కొక్క పక్షికి ఒక్కొక్క పని, దానికి తగిన శరీరం. జీవశాస్త్రం పుస్తకంలో 'అనుకూలనాలు' అనే పాఠం ఇదే కదా!

ఆ పెద్దాయనకు అక్షరం రాదు. కానీ ఏ పిట్ట ఎక్కడ వాలితే అక్కడ నీళ్ళు ఎంత లోతో చెప్పగలడు. కొంగ నిలబడిన చోట మోకాలి లోతు, నీటికాకి మునిగిన చోట నిలువు లోతు. జిలేబి చేప ఎక్కువైతే ఏ పక్షులు పెరుగుతాయో, తూము పూర్తిగా ఎత్తేసిన ఏడు ఏ పక్షులు రాకుండా పోయాయో ఆయనకు నోటి లెక్క. రెండేళ్ళు పి.జి. చదివితే వచ్చే జ్ఞానం ఒక రకం, నలభై ఏళ్ళు తెడ్డు వేస్తే వచ్చే జ్ఞానం ఒక రకం. మొదటిదానికి పట్టా ఇస్తారు, రెండోదానికి ఇవ్వరు. పడవ ప్రయాణంలో ఈ రెండూ ఒకే పుట్టిలో కూర్చుంటాయి. అందుకే దాన్ని పిక్నిక్ అనడానికి మేము ఒప్పుకోం, తరగతి అంటాం.

'సైబీరియా కొంగ' ఎవరిది?

చిలమత్తూరు మండలంలోని వీరాపురం పేరు మీరు వినే ఉంటారు. పాత అనంతపురం జిల్లాలో ఉండేది, 2022లో జిల్లాలు విడిపోయిన తర్వాత శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఏటా చలికాలం చివర వందల కొద్దీ కొంగలు ఆ ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. గుడ్లు పెట్టి, పిల్లలను పెంచుకుని, వానకాలంలో వెళ్ళిపోతాయి. ఊరివాళ్ళు వాటిని పుట్టింటికి కాన్పుకు వచ్చిన ఆడబిడ్డల్లాగా చూసుకుంటారు. రాయి విసరనివ్వరు, కొమ్మ కొట్టనివ్వరు. కొంగలు వస్తే వానలు పడతాయని వాళ్ళ నమ్మకం.

వాటిని అందరూ 'సైబీరియా కొంగలు' అంటారు. పేపర్లో కూడా అలాగే రాస్తారు. నిజానికి అవి సైబీరియా నుంచి రావు. వాటి పేరు ఎర్రకాళ్ళ కొంగ. పసుపు ముక్కు, రొమ్ము మీద నల్లని పట్టీ, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు వీటి గుర్తులు. ఇవి మన దేశంలోనే పుట్టి, మన దేశంలోనే ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు నీళ్ళు వెదుక్కుంటూ తిరిగే పక్షులు. సగం తెరిచిన ముక్కును మోకాలి లోతు నీళ్ళలో అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తాయి. చేప తగలగానే ముక్కు టక్కున మూసుకుంటుంది. కళ్ళతో వెదకవు, తాకిడితో పట్టుకుంటాయి. అందువల్ల వాటికి కావలసింది లోతు నీళ్ళు కాదు, చెరువు అంచున పలుచని నీళ్ళు.

దీన్ని ఎందుకు ఇంత సాగదీసి చెబుతున్నామంటే, ఇందులో మనకు ఒక నీతి ఉంది. గొప్పది ఏదైనా కనబడితే అది ఎక్కడో పరదేశం నుంచి వచ్చిందే అయి ఉంటుందని అనుకోవడం మనకు అలవాటైపోయింది. మన చింతచెట్టు మీద పుట్టిన పక్షికి కూడా పరాయి ఊరి పేరు పెడితే తప్ప గౌరవం ఇవ్వం. మన ఊళ్ళో పుట్టిన మన పిల్లల సంగతి కూడా ఇంతే కాదా?

నిజంగా దూరం నుంచి వచ్చే పక్షులు వేరే ఉన్నాయి. తల వెనక రెండు నల్ల చారలున్న ఒక బాతు మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి దక్కను చెరువులకు వస్తుంది. కర్ణాటకలో గదగ్ దగ్గర మాగడి చెరువుకు అవి వేలల్లో చేరతాయి. రాత్రిళ్ళు చేలల్లో మేసి, పగలు చెరువులో సేద తీరుతాయి. పాస్‌పోర్టు లేకుండా హిమాలయం దాటి వచ్చిన అతిథికి, మెట్ట సీమలో వానకు నిండిన ఒక ఊరి చెరువు ఆశ్రయం ఇస్తున్నదంటే ఆ చెరువు విలువ ఎంతో లెక్క కట్టగలమా?

నీళ్ళ దగ్గరకు పోయే హక్కు

ఈ విషయాన్ని మన హాస్టల్ సంచికలోనే రాయడానికి ఇంకో కారణం ఉంది. బాబాసాహెబ్ అంబేద్కర్ 1927 మార్చి 20న మహద్ పట్టణంలో వేలమందితో నడిచి వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు తాగారు. పశువులు తాగే చెరువులో మనుషులు తాగకూడదన్న కట్టుబాటును ఆ రోజు ఆయన తెంచారు. తర్వాత అగ్రవర్ణాలవాళ్ళు చెరువుకు శుద్ధి చేశారు, కోర్టుకు వెళ్ళారు. చివరకు 1937లో బొంబాయి హైకోర్టు అంబేద్కర్ పక్షాన తీర్పు ఇచ్చింది. ఒక చెరువులో దోసెడు నీళ్ళ కోసం పదేళ్ళ పోరాటం!

మనలో చాలామంది తాతలు, అవ్వలు ఊరి చెరువులో పూడిక తీశారు, కట్ట మీద మట్టి మోశారు. అదే చెరువులో వాళ్ళకు వేరే రేవు ఉండేది. కట్ట మోసిన భుజానికి చెరువు మీద హక్కు లేదు. చట్టాలు మారాయి, కాలం మారింది. కానీ చెరువును తీరిగ్గా, భయం లేకుండా, దాని నడిమధ్యలో కూర్చుని చూసే అవకాశం మన పిల్లలకు ఇప్పటికీ ఎంతమందికి దొరుకుతోంది? పడవ షికారు అంటే కారులో వచ్చినవాళ్ళు, మెడలో కెమెరా వేసుకున్నవాళ్ళు అన్న భావం మన మనసుల్లోనే పాతుకుపోయింది. ఆ భావాన్ని ముందు మనం తీసిపారేయాలి. పుట్టి గుండ్రంగా ఉంటుంది. దానికి ముందు వరుస, వెనక వరుస ఉండదు. ఎవరు కూర్చున్నా ఒకటే అంచు, ఒకటే నీళ్ళు.

ముఖ్యంగా ఆడపిల్లల హాస్టళ్ళ సంగతి చెప్పాలి. మగపిల్లలం ఏదో ఒక రకంగా కట్ట మీదికి పోయి చెరువు చూస్తాం. చెల్లెళ్ళకు హాస్టల్ గేటు దాటితే బడి, బడి దాటితే హాస్టల్. కాబట్టి ఎక్కడైనా ఇలాంటి కార్యక్రమం పెడితే మొదటి పడవ వాళ్ళదే కావాలని మేము గట్టిగా కోరుతున్నాం.

కొందరి అభ్యంతరాలు

మేము ఈ మాట ఎత్తినప్పుడల్లా మూడు అభ్యంతరాలు వచ్చాయి. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కాబట్టి దాటవేయకుండా జవాబు చెప్పడం ధర్మం.

మొదటిది: తాగునీళ్ళకే దిక్కు లేదు, పడవలకు నీళ్ళా? ఈ ప్రశ్న న్యాయమైనదే. కానీ పడవ నీళ్ళు తాగదు. పక్షి నీళ్ళు ఖర్చు చేయదు. వాటికి కావలసింది చెరువు అడుగున కొద్దిపాటి నీరు నిలిచి ఉండటం. ఆ నీరు నిలిస్తే చుట్టుపక్కల బావుల్లో, బోర్లలో ఊట నిలుస్తుంది. పశువులకు నీళ్ళుంటాయి, చేపలు బతుకుతాయి. పక్షి రెట్టలో ఉండే నత్రజని, భాస్వరం నీటిలో నాచుకు, నాచు చేపకు ఆహారమవుతాయి. కర్ణాటకలోని కొక్కరెబెళ్ళూరులో చెట్ల కింద పడిన రెట్టను రైతులు చేలకు ఎరువుగా వాడతారు. హంద్రీ-నీవా కాలువ ద్వారా 2012లో కృష్ణా నీళ్ళు జీడిపల్లి జలాశయానికి చేరాయి. ఇలా వందల కిలోమీటర్ల నుంచి, కరెంటు ఖర్చు పెట్టి ఎత్తిపోసుకున్న నీళ్ళను చెరువుల్లో నింపుకుంటున్న ఈ రోజుల్లో, ఆ చెరువు అడుగు చుక్క వరకు ఖాళీ చేయకుండా కొంత ఉంచుకోవడం దుబారా కాదు, పొదుపు.

రెండోది: పిల్లలు ఉద్యోగాలకు చదువుకోవాలి గానీ పిట్టలను చూస్తూ కూర్చుంటే ఎట్లా? చదువుకోవాలి, తప్పదు. మా ఇళ్ళల్లోనూ ఉద్యోగం కోసమే ఎదురు చూస్తున్నారు. కానీ గ్రూప్ పరీక్షల్లో పర్యావరణం ఒక పాఠ్యాంశం అని మరచిపోవద్దు. చిత్తడి నేలల పరిరక్షణకు 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో ఒప్పందం కుదిరిందనీ, కొల్లేరు 2002లో ఆ జాబితాకు ఎక్కిందనీ గైడు చూసి బట్టీ పట్టినవాడు నెలకు మరచిపోతాడు. ఒక ఉదయం చెరువులో గడిపినవాడు జన్మలో మరచిపోడు. అటవీ శాఖలో బీట్ ఆఫీసరు నుంచి పై స్థాయి వరకు ఉద్యోగాలున్నాయి. పరిశోధనకు దారులున్నాయి. ఊరి పిల్లవాడికి సహజంగా ఉండే చూపును ఉద్యోగానికి పనికొచ్చే విద్యగా మార్చుకోవడం తెలివైన పని.

మూడోది: ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది? ఇది అన్నిటికంటే బరువైన ప్రశ్న. 2017 నవంబర్ 12న కృష్ణా, గోదావరుల పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవలు మునిగి ఎన్నో ప్రాణాలు పోయాయి. మన సీమ పిల్లలకు ఈత రాదు, ఈత నేర్చుకోవడానికి బావిలో నీళ్ళుంటే కదా! కాబట్టి లైఫ్ జాకెట్ లేకుండా ఒక్క పిల్లవాడు కూడా పడవ ఎక్కకూడదు. లెక్కకు మించి ఎక్కించకూడదు. అనుభవమున్న పడవవాడు, తోడు ఇంకో పడవ, ఒడ్డున ఒక సారు తప్పనిసరి. గాలి లేస్తే ఆ రోజుకు మానుకోవాలి. ఇవేవీ కుదరకపోతే కట్ట మీద నుంచే చూడాలి. తెల్లవారుజామున కట్ట మీద నడిచినా ముప్పాతిక పాఠం వస్తుంది. మిగిలిన పావు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

కొల్లేరు చెప్పే పాఠం

రేపు మన చెరువుల్లోనూ పడవలు వస్తాయి. నీళ్ళు నిండుతున్నాయి, రోడ్లు పడుతున్నాయి, లేపాక్షి, పుట్టపర్తి చూడవచ్చేవాళ్ళు పెరుగుతున్నారు. అందుకే ఎలాంటి పడవలు రావాలో ఇప్పుడే మాట్లాడుకోవాలి. ఇతరుల అనుభవం చూసి నేర్చుకోవడం మంచిది.

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటికే సరస్సు నిండా చేపల చెరువుల గట్లు లేచాయి. నీరు పారే దారులు మూసుకుపోయాయి. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో ఆ గట్లను తెంచారు. సరస్సుకు ఊపిరి ఆడింది నిజమే. కానీ ఆ చెరువుల మీద కూలికి బతికే పేదలు, మత్స్యకారులు మా గతేమిటని అడిగారు. ఆ అడుగుడు ఈనాటికీ ఆగలేదు. అదే కొల్లేరులో కైకలూరు పక్కన ఆటపాక దగ్గర గూడబాతులు గూళ్ళు కట్టుకోవడానికి ఇనుప స్టాండ్లు నిలబెట్టారు, సందర్శకులకు పడవ ఏర్పాటు చేశారు. చూడవలసిన చోటు అది. కానీ మనం నేర్చుకోవలసింది ఏమిటంటే, సరస్సును పాడుచేసిన తర్వాత బాగుచేయడం కంటే పాడుకాకుండా చూసుకోవడం చౌక. అలాగే దాని మీద బతికేవాళ్ళను కలుపుకోకుండా ఏ సంరక్షణా నిలబడదు.

ఒడిశాలో చిల్కా సరస్సు ఒడ్డున మంగళాజోడి అనే ఊరుంది. ఒకప్పుడు ఆ ఊరివాళ్ళు పక్షులను వేటాడి అమ్మేవారు. తర్వాత అదే మనుషులు వేట మాని కాపలా పట్టారు. ఇప్పుడు గడ కర్రతో నెట్టే చిన్న పడవల్లో సందర్శకులను తిప్పి, పక్షుల పేర్లు చెప్పి సంపాదించుకుంటున్నారు. వేటగాడికి తెలిసినంతగా పక్షి గుట్టు ఎవరికి తెలుసు? జైలుకు పంపవలసిన విద్యను జీతం ఇచ్చే విద్యగా మార్చారు.

ఇంకా దగ్గర ఉదాహరణ కావాలంటే మన పక్కనే కర్ణాటకలోని విజయనగర జిల్లాలో హగరిబొమ్మనహళ్ళి దగ్గర అంకసముద్ర ఉంది. వందల ఏళ్ళ కిందట సాగునీటికి తవ్వుకున్న మామూలు ఊరి చెరువు అది. విస్తీర్ణం దాదాపు 244 ఎకరాలు. మన సీమ వంటి మెట్ట సీమే, మన చెరువుల వంటి చెరువే. 2024లో అది రామ్‌సర్ జాబితాలో చేరింది. అంకసముద్ర చేయగలిగింది మన శింగనమల, మన బుక్కపట్నం ఎందుకు చేయలేవు?

మేము కోరేది

చివరగా మేము కోరేవి కొన్నే. మన చెరువుల్లో పడవలు వస్తే మోటారు లేని తెడ్డు పడవలే రావాలి. మోటారు చప్పుడుకు గూటిలోని తల్లి లేచిపోతుంది, ఆ కాసేపట్లో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది, పిల్ల ఎండకు మాడిపోతుంది. గూళ్ళున్న చెట్ల దగ్గరకు ఏ పడవా పోకూడదు. తెడ్డు ఆ చెరువు మీద బతికే బెస్త యువకుల చేతిలోనే ఉండాలి, కాంట్రాక్టు పేరుతో బయటివాళ్ళకు పోకూడదు. ఏ చెరువులోనైనా వారానికి ఒక ఉదయం ప్రభుత్వ బడి పిల్లలకు, హాస్టల్ పిల్లలకు ఉచితంగా కేటాయించాలి.

పడవలు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం. ఆ రోజు తెల్లవారుజామున హాస్టల్ పిల్లలందరూ దగ్గరలోని చెరువు కట్ట మీద ఉండేలా వార్డెన్ సార్లు, మేడమ్‌లు ఏర్పాటు చేయాలని సవినయంగా కోరుతున్నాం. 1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియాలో నీటిపక్షుల లెక్క తీస్తున్నారు. దానికి డిగ్రీలు అక్కర్లేదు, కళ్ళు, ఓపిక, నోటుబుక్కు చాలు. మన హాస్టల్ నుంచి ఒక జట్టు అందులో చేరితే, మన ఊరి చెరువు పేరు ఆ లెక్కల్లోకి ఎక్కుతుంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి చెరువులో ఏ పక్షులున్నాయో, పెద్దవాళ్ళు వాటిని ఏ పేరుతో పిలుస్తారో రాసుకుని రండి. వచ్చే ఏడాది ఈ సంచికలో ఆ పేర్ల పట్టిక వేద్దాం. పుస్తకాల్లో లేని ఎన్నో పేర్లు మన అవ్వల నోట్లో ఉన్నాయి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మన పెద్దలు చెరువు మట్టి మోశారు. మనం చెరువు లెక్క రాద్దాం. మన తర్వాత వచ్చే పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కుని, చేతిలో నోటుబుక్కు పట్టుకుని, బెదురు లేకుండా పుట్టి ఎక్కాలి. అందుకోసం చెరువులో నీళ్ళు నిలవాలి, నీళ్ళలో పక్షి నిలవాలి, పడవలో మనకు చోటు నిలవాలి. ఈ మూడింటి కోసం అడగడం మన హక్కు, పాటుపడటం మన బాధ్యత.